కళింగం – కోరంగి : నేలకు, జనానికి, నౌకకు ఒకే పేరు

శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేటకు, టెక్కలికి నడుమ ఉన్న కోటబొమ్మాళి పేరు రెండు పదాల సమాసం. ఈ రెండు పదాలూ విడివిడిగా ఇంటిపేర్లుగా కూడ వ్యవహారంలో ఉన్నాయి. కోటవారు తెలుగుదేశమంతటా ఉన్నారు. బొమ్మాళివారు ఉత్తరాంధ్రలో కనబడతారు. ఊరి పేరు ఇంటిపేరు కావడం తెలుగువారికి కొత్త కాదు. పూసపాడు నుండి పూసపాటివారు, వేటూరు నుండి వేటూరివారు ఏర్పడిన తీరు వ్యాకరణరీత్యా కూడ స్పష్టం. గ్రామనామం ఔపవిభక్తిక రూపం పొంది, “ఆ ఊరికి చెందిన” అనే సంబంధార్థాన్ని ఇస్తున్నది. అయితే ఈ సంబంధార్థం వెనుక ఒక నియమం దాగి ఉన్నది. పూసపాడులో నివసించే వారందరూ పూసపాడువారే కనుక ఆ ఊరిలో ఆ పేరుతో ఏ ఒక్క కుటుంబాన్నీ వేరుచేసి చూపడం సాధ్యం కాదు. ఒక కుటుంబం ఆ ఊరు విడిచి మరొక ఊరు చేరినపుడే ఆ పేరుకు భేదకశక్తి కలుగుతుంది. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే ముందు ఆ ఊరు విడవాలి.

ఈ నియమం గ్రామసీమకే పరిమితమా, లేక దేశనామాలకు, సముద్రయానం చేసిన జనులకు, వారిని మోసిన నౌకలకు కూడ వర్తిస్తుందా అన్నది విచారణీయాంశం. ఇందుకు కోటబొమ్మాళి ప్రాంతాన్ని తనలో ఇముడ్చుకొన్న కళింగనామం, దానితో తరచు ముడివడే కోరంగినామం మిక్కిలి అనువైన ఉదాహరణలు.

పాణినీయంలో కళింగశబ్దం

ఇంటిపేర్ల విషయంలో నామం స్థలం నుండి మనిషికి ప్రసరిస్తున్నది. సంస్కృత వ్యాకరణం దేశనామాల విషయంలో ఇందుకు విపరీతమైన దిశను చూపుతున్నది. అష్టాధ్యాయి 4-1-170 సూత్రంలో పాణిని మగధాది శబ్దాలతో పాటు కళింగశబ్దాన్ని కంఠతః పఠించి, అపత్యార్థంలో అణ్ ప్రత్యయాన్ని విధించాడు. కళింగుని సంతతివాడు, కళింగుల రాజు కాళింగుడు. బహువచనంలో 2-4-62 చేత ఆ ప్రత్యయం లోపించి కళింగులు అనే రూపమే నిలుస్తుంది. వారి నివాసమైన జనపదాన్ని చెప్పవలసి వచ్చినపుడు 4-2-81 చేత ప్రత్యయానికి లుప్పు కలిగి, 1-2-51 చేత మూలశబ్దపు లింగవచనాలే దేశనామానికీ సంక్రమిస్తాయి. సంస్కృతంలో కళింగదేశం బహువచనంలో ప్రయుక్తం కావడానికి కారణమిది. అంటే వైయాకరణుల దృష్టిలో ముందు మనుషులు, తరువాత నేల.

పురాణకథ కూడ ఇదే క్రమాన్ని వంశవృత్తాంతంగా చెబుతున్నది. బలి భార్య సుదేష్ణయందు దీర్ఘతమసునివలన కలిగిన అంగ, వంగ, కళింగ, పుండ్ర, సుహ్ములనే ఐదుగురు కుమారుల పేర్లే ఐదు దేశాలకు వచ్చినవట. దీనిని చరిత్రగా స్వీకరించనక్కరలేదు. అన్నదమ్ముల వరుసలో పొరుగుదేశాలను కూర్చిన ప్రాచీనుల వర్గీకరణబుద్ధి మాత్రం ఇందులో స్పష్టం.

పాణినీయంలో ఈ ప్రకరణానికి ఒక ఉపసంహారం వంటి భాగం కలదు. అధ్యాపకులు దానిని ప్రత్యాఖ్యాన ప్రకరణమని చెప్పి త్వరగా దాటిపోవడం పరిపాటి. అది న్యాయం కాదు. 1-2-53లో పాణిని ఈ లింగవచన నియమాన్ని ఉపదేశింపనక్కరలేదని, సంజ్ఞలకు లోకవ్యవహారమే ప్రమాణమని తేల్చాడు. 1-2-55లో మరొక అడుగు ముందుకు వేశాడు. అవయవార్థసంబంధమే పేరుకు ప్రమాణమైతే ఆ సంబంధం లేనిచోట పేరు కూడ కనబడకూడదు; కాని కనబడుతున్నది. పాంచాల క్షత్రియులతో సంబంధం లేకపోయినా జనపదానికి పాంచాలనామం నిలిచి ఉండడాన్ని కాశికావృత్తి ఇచ్చట ఉదాహరించింది. సంబంధం తెగినా పేరు నిలుస్తుందన్న ఈ పరిశీలనకు కళింగ, కోరంగి నామాలను మించిన నిదర్శనాలు అరుదు.

స్వదేశంలో కళింగనామం

అశోకుని త్రయోదశ శిలాశాసనం కళింగయుద్ధాన్ని ప్రస్తావించి, లక్షమంది హతులైనట్లు, లక్షా యాభైవేలమంది చెరపట్టబడి తరలింపబడినట్లు చెబుతున్నది. కాళిదాసు రఘువంశం ఆరవ సర్గలో కళింగరాజైన హేమాంగదుని మహేంద్రపర్వతానికి, మహాసముద్రానికి కూడ అధిపతిగా వర్ణించాడు. కొండ, కడలి రెండూ కలిసిన ఈ గుర్తింపు టెక్కలి, మందస ప్రాంతాల భౌగోళిక స్వరూపానికి సరిగా అతుకుతున్నది.

శాసనసాక్ష్యం కూడ ఈ సీమలోనే దట్టంగా ఉన్నది. నరసన్నపేట చేరువలోని కోమర్తిలో లభించిన చండవర్మ తామ్రశాసనం సింహపురం నుండి వెలువడినది. అందులో రాజు కళింగాధిపతి. సింహపురాన్ని శ్రీకాకుళం సమీపంలోని సింగుపురంగా గుర్తించారు. అనంతరం తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. దీనిని వంశధారాతీరంలోని ముఖలింగంగా గుర్తించినవారు ఆ చుట్టుపట్ల పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ ప్రవర్తకులుగా, సవరభాషా పండితులుగా ప్రసిద్ధులైన ఆయన తొలి పాండిత్యం శాసనలిపి పఠనంలో వికసించిందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

గజపతుల తరువాత, గోలకొండ పాలనలో చికాకోలు సర్కారు ఏర్పడిన తరువాత, కళింగమనే పరిపాలనా విభాగం లేదు. పేరు మాత్రం రెండు చోట్ల తలదాచుకొన్నది. ఒకటి వంశధార సముద్రంలో కలిసే చోటనున్న కళింగపట్నం. రెండవది కొన్ని సామాజిక వర్గాల పేరు. థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణభారత కులాల, తెగల సంపుటాలలో కాళింగులను పేర్కొని, వారిలో బూరగాం, కింతలి శాఖలను చెప్పాడు. వీరిలో కింతలి పొందూరు ప్రాంతంలోని గ్రామం పేరే. కళింగ కోమట్లు అనే వ్యవహారం కూడ ఈ జిల్లాలో కలదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. ఊరు విడిచినపుడే ఊరి పేరు మనిషికి అంటుకొంటుందన్నది నియమమైతే, కళింగదేశంలోనే ఉంటున్నవారికి కళింగులన్న పేరు ఎట్లు వచ్చింది? దేశానికి ఆ పేరు జీవద్వ్యవహారంలో ఉన్నంతకాలం అది అందరికీ సమానం. ఆ వ్యవహారం అంతరించిన తరువాత పేరు కొందరికే మిగిలి, సవర, ఒడియ తదితర జనసమూహాల నడుమ భేదకంగా పనిచేసింది. మనుషులు నేలను విడవలేదు. నేలయే తన పేరును విడిచింది. ఈ విధంగా చూస్తే నియమానికి భంగం లేదు.

సముద్రం దాటిన కళింగం

కళింగనామం నిజమైన అర్థంలో వంశనామమైనది సింహళంలో. పొలొన్నరువ నుండి 1187–1196 నడుమ పాలించిన నిశ్శంకమల్లుడు తాను కళింగంలోని సింహపురంలో జన్మించినట్లు శాసనాలలో చెప్పుకొన్నాడు. అతని వంశీయులు కళింగవంశజులు. 1215లో లంకపై దండెత్తిన మాఘుడు చరిత్రలో కళింగమాఘుడు. ఈ కళింగం మలయద్వీపాలలోనిదని పరణవితాన వాదించారు గాని, సింహపురనామం చండవర్మ శాసనకాలం నుండి శ్రీకాకుళసీమలో ఉండగా అంత దూరం పోవడం అనవసరమని తోస్తుంది. సింహాసనానికి హక్కు చెప్పుకొనే రాజుకు పరాయినేలపై తన జన్మభూమి పేరే బిరుదమైంది. కళింగంలో పాలించిన గాంగులు తమ్ము గాంగులనే చెప్పుకొన్నారు. కళింగం వారికి ఏలుబడిలోని నేల, అందుకే వారు కళింగాధిపతులు. లంకలోని వారికి అది కులనామం.

తూర్పు దీవులలో పేరు మరొక దారి తొక్కింది. పదకొండవ శతాబ్దపు జావా శాసనాలలో విదేశీయ వణిజుల పట్టికలో క్లింగ్ అనే పేరు కలదు. మలయ భాషలో కెలింగ్. పదహారవ శతాబ్దారంభంలో మలక్కా వర్తకాన్ని వర్ణించిన పోర్చుగీసు రచయిత తోమే పీరెష్ ఈ వణిజులను కెలింలని పేర్కొన్నాడు. నాటికే ఆ పేరు కళింగతీరంవారికి పరిమితం కాదు. చోళమండల తీరం నుండి వచ్చిన తమిళ వర్తకులకు, ముఖ్యంగా తమిళ ముస్లిములకు, అది రూఢమైపోయింది. మలక్కాలో 1748లో వెలసిన కంపుంగ్ కెలింగ్ మసీదు, పినాంగ్‌లోని కపితాన్ కెలింగ్ మసీదు అట్టివారి నిర్మాణాలు. మలక్కాలో తంజుంగ్ కెలింగ్ అనే ఊరు కూడ ఏర్పడింది. దేశనామం జననామమై, జననామం తిరిగి స్థలనామమైనది. ఒకనాడు గౌరవవాచకమైన ఈ మాట నేడు మలేసియాలో భారతీయులను నొప్పించే నిందావాచకంగా మారింది. అర్థాపకర్షకు ఇది విచారకరమైన ఉదాహరణ.

కోరంగి

కోరంగి గోదావరి సముద్రసంగమం చెంత, తాళ్లరేవు చేరువలోని రేవు. ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు పేరుపొందిన ఈ రేవు 1789, 1839 సంవత్సరాల తుపానులలో ఘోరంగా దెబ్బతిన్నది. తుపానుకు ఆంగ్లంలో నేడు వాడే సైక్లోన్ అనే మాటను కల్పించిన హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి కోరంగి ఉప్పెనను అధ్యయనం చేసినవాడే. నదీముఖం పూడిపోవడంతో రేవు క్షీణించి, కాకినాడ వృద్ధి పొందింది. నేడు కోరంగి అనగానే జనులకు స్ఫురించేది మడ అడవుల అభయారణ్యం.

యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రకటించిన హాబ్సన్–జాబ్సన్ నిఘంటువు కోరంగిని కళింగశబ్దభవంగా ఊహించింది. 1903 నాటి ద్వితీయ ముద్రణలో క్రుక్ ఇంకొక వ్యుత్పత్తిని చేర్చాడు: తెలుగున కోరంగి అనగా చిన్న ఏలకి. ఈ రెండవ అర్థం నిరాధారం కాదు. అమరకోశం వనౌషధివర్గంలోనే సూక్ష్మైలకు పర్యాయంగా కోరంగీశబ్దం పఠింపబడింది. కాని ఉప్పుకయ్యల మడనేలకు ఏలకి పేరు రావడం వింతయే. ఇక మొదటి ఊహ మాటకు వస్తే, లకార రేఫల మార్పు సహజమే గాని, ఆద్యచ్చు అకారం ఓకారం కావడానికి, నడిమి ఇకారం అకారం కావడానికి తెలుగులో ఉపపత్తి లేదు. కళింగపట్నంలో ఆ శబ్దం నేటికీ చెక్కుచెదరకుండ ఉన్నది. ఒకే తీరంలో, ఒకే భాషలో, ఒకే శబ్దం ఒకచోట తత్సమంగా నిలిచి వేరొకచోట ఇంతగా వికృతి చెందిందనడానికి శాసనస్థమైన మధ్యరూపం ఒక్కటైనా చూపాలి. అంతవరకు కోరంగి–కళింగ సంబంధాన్ని ధ్వనిసామ్యంగానే ఎంచడం మేలు.

వ్యుత్పత్తిలో కలియని ఈ రెండు పేర్లూ వ్యవహారంలో మాత్రం ఒకే పని చేసినవి. 1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్ చేర్చినట్లు ఆ ద్వీపపు తెలుగువారి చరిత్రలు చెబుతున్నవి. అదే పేరుగల ఓడ 1845లో ఆస్ట్రేలియాకు ఈశాన్యాన పగడాల సముద్రంలో బద్దలైంది. అక్కడి తిన్నెలకు నాటినుండి కోరంగి దీవులని పేరు. రెండు వృత్తాంతాలలోని ఓడ ఒకటేయని నిర్ణయించడానికి నామసామ్యం ఒక్కటే చాలదు. అయినను ఈ పేరు ప్రయాణించిన దారి గుర్తింపదగినది. గోదావరి ముఖంలోని ఊరి పేరు ఓడకు, ఓడ పేరు ఏ తెలుగువాడూ నివసించని పగడపు తిన్నెకు సంక్రమించింది. 1982లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఏర్పరచిన ప్రకృతి రక్షితప్రాంతం పేరులో కూడ కోరంగి నిలిచింది. కాకతాళీయంగా ఇరుచోట్లా ఆ పేరు పక్షుల ఆశ్రయాలకే చెందడం గమనార్హం.

ఓడల పేర్లలో కూడ ఇంటిపేర్ల నియమమే కనబడుతున్నది. విశాఖపట్నంలో నిర్మితమై 1948 మార్చి 14న జలప్రవేశం చేసిన తొలి ఓడకు ఊరి పేరు పెట్టలేదు. అది జల ఉష. 2021 నవంబరు 21న నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం ముంబాయిలో నిర్మితమైంది. భీమునిపట్నంలోని ఐ.ఎన్.ఎస్. కళింగ మాత్రం నౌకాదళ సంప్రదాయం చేత ఓడ పేరు ధరించిన తీరస్థావరం. కదలని ఈ ఓడ కళింగనామాన్ని కళింగసీమలోనే నిలుపుకొన్నది!

పేరుల తారుమారు

బర్మాలో, మారిషస్‌లో తెలుగువారందరికీ కోరంగీలన్న పేరు వచ్చింది. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు 10,17,825 మంది. వారిలో తెలుగువారు లక్షన్నరకు పైగా ఉన్నారు. వీరిలో అధికసంఖ్యాకులు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవారు. టెక్కలి, నరసన్నపేట, కోటబొమ్మాళి ప్రాంతాల నుండి రంగూను రేవుకు పోయి మూటలు మోసినవాడు జన్మలో కోరంగిని చూచి ఉండడు. అయినను అక్కడ అతడు కోరంగీయే.

కళింగసీమలో పుట్టినవాడు బర్మాలో కోరంగీ అయినాడు. కావేరీతీరంలో పుట్టిన తమిళుడు మలయాలో కళింగుడైనాడు. పేరును ఇచ్చినవారికి ఎదుటివాని జన్మస్థలంతో పనిలేదు. మొదట వచ్చిన ఓడ ఏ రేవుదో, మొదట పరిచయమైన వణిజుడు ఏ దేశంవాడో, ఆ పేరే పిదప వచ్చినవారందరికీ ఇంటిపేరయింది. ఇంటిపేరుకు, దీనికి గల ప్రధానభేదం ఇచ్చటనే ఉన్నది. ఇంటిపేరును కుటుంబం తనదిగా అంగీకరించి సంతతికి ఇస్తుంది. కోరంగీ అనే పేరును పొందినవాడు దానిని ఎంచుకోలేదు. 1930 మే నెలలో రంగూను రేవులో కూలిపెంపు కోసం తెలుగువారు సమ్మె చేయగా బర్మీయ కూలీలను నియోగించడం, సమ్మె ముగియగానే వారిని తొలగించడం, దానితో పెచ్చరిల్లిన అల్లర్లలో అనేకులు హతులు కావడం చరిత్రవిదితం. ఆ హతులను నాటివారు ఎక్కువగా కోరంగీలనే వ్యవహరించారు. 1942లో జపాను దాడితో కాలినడకన వెనుదిరిగిన వారిలోను, 1960 దశకంలో తిరిగివచ్చిన వారిలోను వీరి కుటుంబాలు ఉన్నవి.

తిరిగివచ్చిన వారికి స్వదేశంలో లభించిన పేరు మరొకటి. విశాఖపట్నంలో వారు స్థిరపడిన పేట బర్మాక్యాంపు. అక్కడ కోరంగీలు, ఇక్కడ బర్మావారు. ఎచ్చట ఉన్నా విడిచివచ్చిన చోటి పేరే వారిని అంటిపెట్టుకొన్నది.

మారిషస్‌లో జరిగినది ఇంకొక తీరు. ఒప్పందకూలీ పద్ధతిలో పేరు నమోదు చేసిన అధికారికి తెలుగువారి ఇంటిపేరు, పేరు అనే విభాగం తెలియదు. తండ్రి పేరే సంతతికి కుటుంబనామమైంది. అప్పన్న, అప్పలస్వామి, సన్యాసి వంటి వ్యక్తినామాలు నేడు అక్కడ ఇంటిపేర్లు. ఫ్రెంచి భాషలో ప్రసిద్ధి పొందిన మారిషస్ నవలాకారిణి నతాషా అప్పన్న పేరు ఇట్టిదే. అప్పల, సింహాద్రి, సన్యాసి అనే పేర్లు సింహాచలక్షేత్ర ప్రభావం గల ఉత్తరాంధ్రలో అధికంగా వినబడతాయన్నది ఈ విషయంలో విలువైన ఆధారం. కోరంగీ అనే సమష్టినామం గోదావరీతీరాన్ని సూచిస్తుండగా, అప్పలస్వామి అనే వ్యక్తినామం దానిని ఖండించి విశాఖ, శ్రీకాకుళాల వైపు వేలు చూపుతున్నది. ఓడ కూడ అక్కడ బంధుత్వానికి ఆధారమైంది. ఒకే ఓడలో వచ్చినవారు జహాజీభాయిలు, అంటే ఓడ అన్నదమ్ములు. కులం, ఊరు, ఇంటిపేరు చెదిరినచోట ఓడయే వంశంగా పనిచేసింది.

మారిషస్‌లో మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన వలసపట్టీలలో కూలీ పేరు, తండ్రి పేరు, ఓడ పేరుతో పాటు జిల్లా, గ్రామం కూడ నమోదై ఉన్నవి. పూర్వికులను వెదుకుతూ వచ్చే ప్రవాసాంధ్రులు కోరంగి అనే మాటను పట్టుకొని తూర్పుగోదావరికి పోవడం, గంజాం అని కనబడగానే ఒడిస్సాకు పోవడం జరుగుతున్నది. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు శ్రీకాకుళం, టెక్కలి, కోటబొమ్మాళి ప్రాంతాలు గంజాం జిల్లాలోనివే. అటు తరువాత అవి విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లాగా వేరుపడినవి. కావున పట్టీలో గంజాం అని ఉండి, తండ్రి పేరు అప్పడు, సింహాద్రి వంటిదై ఉంటే, ఆ గ్రామనామాన్ని ముందుగా వంశధారకు ఇరువైపులనున్న నేటి శ్రీకాకుళం జిల్లా గ్రామాలతో పోల్చి చూడాలి. ఆంగ్లలిపిలో చెడిన గ్రామనామాలను గుర్తించడానికి స్థానిక ఉచ్చారణ తెలిసినవారి తోడ్పాటు అవసరం. ఆ పని రంగూనులోనో, పోర్ట్ లూయీలోనో కాక, టెక్కలి, నరసన్నపేట ప్రాంతాల పాఠశాలల్లో, కళాశాలల్లో ఉన్న భాషోపాధ్యాయులు చేయదగినది.